పద్నాలుగు గ్రాములు

ఆ వేసవిలో మా ఇంట్లో మాటలన్నీ గ్రాముల్లోనే నడిచాయి.

రెబెక్కా ఆసుపత్రి బస్సు దిగి, మూడంతస్తులు ఎక్కి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అడిగేది. "ఇవాళెంతండీ మీవి?"

"నూట పద్దెనిమిది. మీ వాళ్ళల్లో అందరికన్నా చిన్నోడెంత?"

"నిన్న వచ్చినోడేనండి. ఏడువందల నలభై."

"పాలు తాగుతున్నాడా?"

"గొట్టంతో పట్టాం. రెండు మిల్లీలీటర్లు. అరిగించుకున్నాడు."

పక్కవాటాలోవాళ్ళు ఎవరైనా వింటే మేం బంగారం కొట్టు నడుపుతున్నామనుకునేవాళ్ళు. ఆమె రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు నర్సు. నేను ఊరి శివారు సులైలో ఒక గిడ్డంగిలో ఈగల గుడ్లు తూస్తాను. ఇద్దరి పనికీ కొలమానం ఒకటే కావడం మేం కోరుకున్నది కాదు. కానీ దొరికాక వదల్లేదు. అంతకుముందు చాలా నెలలపాటు మా మధ్య మాటలు లేవు. పోట్లాటేం లేదు. రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఏడో వారంలోనే నేను మా రాజోలు చుట్టుపక్కల చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను. పది రోజులు తిరక్కుండా మళ్ళీ అందరికీ నేనే ఫోన్లు చేశాను. రెండోసారి ఆఖరి ఫోను పెట్టేశాక రెబెక్కా గోడవైపు తిరిగి పడుకుని ఒకే మాట అంది. "పన్నెండు వారాలు దాటేదాకా నోరు విప్పకూడదండీ మనం." ఆ తర్వాత మేం దేని గురించీ నోరు విప్పడం మానేశాం.

అందుకే ఆ గ్రాములంటే నాకంత ఇష్టం. ఒక అంకె చెబితే చాలు, మనిషి పక్కన కూర్చున్నట్టే.

నా పని గురించి చెప్పాలి. కల్యాణ మండపాల్లో, హోటళ్ళలో మిగిలిపోయిన అన్నం, మాంసం, రొట్టె, ఖర్జూరం అంతా లారీల్లో మా దగ్గరకు వస్తుంది. దాన్ని రుబ్బి పురుగులకు పెడతాం. సోల్జర్ ఈగ అంటారు, ఆ పురుగులు దాని పిల్లలు. పన్నెండు రోజుల్లో అవి ఆ గుజ్జంతా తినేసి వేలి కణుపంత అవుతాయి. ఎండబెట్టి పొడి చేస్తే కోళ్ళకూ చేపలకూ మేత. వాటి కింద మిగిలిన ఎరువు అల్‌ఖర్జ్ ఖర్జూరపు తోటలకు వెళ్తుంది. కొన్ని పురుగుల్ని మాత్రం ఈగలయ్యేదాకా ఉంచుతాం. ఈగల గది నాది. పొడవాటి నల్లటి ఈగలు, నోరు ఉండీ లేనట్టే, ఏమీ తినవు. నీళ్ళు తాగుతూ ఓ వారం బతుకుతాయి. ఆడది తన పిల్లలకు తిండి దొరికే చోటు వాసన పట్టి, ఆ తిండికి దగ్గర్లో ఒక పొడి సందు చూసుకుని గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మేం దాని కోసం చెక్కపలకలు పేర్చి, కింద పులిసిన గుజ్జు ట్రే పెడతాం. సాయంత్రం పలకల సందుల్లోంచి గుడ్లు గీకి తూస్తాను. ఒక్క గ్రాములో ముప్ఫై వేలకు పైనే ఉంటాయి.

ఊళ్ళో నేను రొయ్యల హేచరీలో పనిచేసినవాణ్ణి. కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన పోయింది. మేత పాడైందో లేదో వాసన చూసి చెప్పలేనివాడితో హేచరీకి పనేముంది? రెబెక్కా వెనకాల ఇక్కడికి వచ్చి, ఏడాదిన్నర ఆ మూడో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చున్నాను. వాసన తెలియకపోవడమే ఇక్కడ నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. మా మేనేజరు అబ్దుల్ వహాబ్ ఇంటర్వ్యూలో నన్ను నేరుగా పులిసిన గుజ్జు తొట్టి దగ్గరకు తీసుకెళ్ళాడు. నా ముఖంలో ఏ మార్పూ కనబడకపోయేసరికి నవ్వి, "రేపు రా" అన్నాడు.

ఈగల గది తలుపు మీద నాలుగు భాషల్లో ఒక బోర్డు ఉంటుంది. అత్తరు, సెంటు, తలనూనె పూసుకుని లోపలికి రాకూడదు. అబ్దుల్ వహాబ్‌ది ఖమీస్ ముషైత్ దగ్గర కొండ ఊరు. వాళ్ళ తాత తేనెపెట్టెల దగ్గరకు వెళ్ళే రోజు సబ్బు కూడా ముట్టేవాడు కాదట. ఆ బోర్డును నేను రోజూ చూసి రోజూ దాటిపోయేవాణ్ణి. వాసనే తెలియనివాడికి వాసనల షరతు ఎందుకు వర్తిస్తుంది అనుకునేవాణ్ణి. మనిషి తనలో లేదనుకున్న దాని దగ్గరే ఏమరుపాటుగా ఉంటాడు కాబోలు.

జూన్ మొదట్లో నా గదిలో గుడ్లు తగ్గడం మొదలైంది. నూట పద్దెనిమిది నూట తొమ్మిదైంది. తర్వాత తొంభై నాలుగు. బక్రీద్ సెలవులు అయ్యేసరికి డెబ్భై రెండు. పక్కగదిలో ఇమ్రాన్ అనే పాకిస్తానీ చూసుకునే ఈగలు మాత్రం రోజూ నూట ఇరవైకి తగ్గకుండా పెడుతున్నాయి.

ఇంట్లో కూడా ఏదో తగ్గుతోంది. దానికి తూనిక లేదు.

అప్పటిదాకా పనిలో ఒంటినిండా తొడుక్కునే నా కవరాల్ నేనే విడిగా బకెట్లో నానేసి ఉతుక్కునేవాణ్ణి. ఒక శుక్రవారం రెబెక్కా బకెట్టు నా చేతిలోంచి తీసుకుని, "ఇకనించి నేనుతుకుతాలెండి" అంది. నాకు సంతోషం వేసింది. రెండు రోజులకే ఆ సంతోషం అడుగున ఏముందో కనిపించింది. నేను సోఫాలో కూర్చుంటే ఆమె లేచి కిటికీ తెరుస్తోంది. బయట నలభై ఆరు డిగ్రీలు. అన్నం దగ్గర కంచం తీసుకుని కిటికీ పక్కకు జరుగుతోంది. నేను పక్కమీద ఒత్తిగిలితే ఊపిరి బిగబట్టడం చీకట్లో కూడా తెలుస్తోంది.

"నా దగ్గర వాసన వస్తోందా?" అని అడిగాను.

"లేదండీ."

"నిజం చెప్పు. నాకెలాగూ తెలియదు కదా."

"ఏ వాసనా లేదని చెబుతున్నాను కదండీ. ఆ రసం అయినా పోసుకోండి."

రెబెక్కా అబద్ధం చెప్పదు. పిల్ల బతకదని తెలిస్తే తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని నిజమే చెబుతుంది. అలాంటి మనిషి నా కోసం అబద్ధం ఆడుతోందంటే, నిజం ఎంత పెద్దదై ఉండాలి? రోజుకు మూడుసార్లు స్నానం చేశాను. చర్మం ఎర్రబడేదాకా రుద్దుకున్నాను. తర్వాత హాల్లో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాను. ఏసీ ఇక్కడ బాగా తగులుతోందని చెప్పాను. ఆమె వద్దనలేదు. అదే ఎక్కువ నొప్పించింది.

గుమ్మం దగ్గర గ్రాముల పలకరింపు మాత్రం ఆగలేదు.

"ఇవాళెంతండీ?"

"అరవై ఎనిమిది."

"ఎందుకండీ అలా పడిపోతున్నాయి?"

"వేడి."

గదిలో మేం మార్చని వస్తువు లేదు. దీపాలు మార్చాం, తేమ మార్చాం, చెక్కపలకలు మార్చాం. ఇమ్రాన్ గదిలో ఈగలు కావాల్సిన ప్యూపాలు నా గదిలో పోసి చూశాం. ఏం చేసినా నా గది పడిపోతూనే ఉంది. జూన్ మూడో వారంలో అబ్దుల్ వహాబ్ నన్ను పిలిచాడు. ఆయన కోపంగా మాట్లాడే మనిషి కాదు. ఆరోజు మరీ నెమ్మదిగా మాట్లాడాడు.

"రత్నరాజ్, ఆదివారం నుంచి నువ్వూ ఇమ్రానూ గదులు మార్చుకోండి."

"అలాగే సార్."

"దేనికో తెలిసింది కదా?"

"తెలిసింది."

"నీ పర్మిట్ జులై ఆఖరుతో అయిపోతుంది. రెన్యూవల్ కాగితం మీద సంతకం నాదే. నాకు కారణం కావాలి, అంతే. కారణం లేకుండా నేను పై వాళ్ళకు ఏం చెప్పను?"

అది గదులకు పెట్టిన పరీక్ష కాదు, నాకు పెట్టింది. ఇమ్రాన్ గదిలోకి నేను వెళ్ళిన మూడో రోజు అక్కడ తొంభై ఆరు. అయిదో రోజు డెబ్భై ఆరు. నేను వదిలేసి వచ్చిన గదిలో నూట రెండు, నూట పన్నెండు. ఇమ్రాన్ నా వైపు చూడటానికి మొహమాటపడి, మాస్కు సర్దుకుంటూ తూకం అంకెలు చిన్న గొంతుతో చదివాడు.

తప్పు గదిది కాదు, నాదని తేలిపోయింది.

ఆ సాయంత్రం నా మనసులో నడిచినదాన్ని ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తుంది. కానీ అప్పుడు అది లెక్కలా కచ్చితంగా కనిపించింది. నేనున్న చోట ఏదీ గుడ్డు పెట్టదు. నేనున్న చోట ఏదీ నిలవదు. రెండు కడుపులు నిలవలేదు. భార్య ఊపిరి బిగబడుతుంది. వారం బతికే ఈగకు కూడా తెలిసిపోయింది, ఈ మనిషి దగ్గర పిల్లల్ని కనకూడదని. చిన్నప్పుడు చర్చిలో విన్న శాపగ్రస్తుల కథలన్నీ వరసగా గుర్తొచ్చాయి. గుమ్మం దగ్గర రెబెక్కా ఎంత అని అడిగితే, "తూయలేదు" అన్నాను. ఆమె బూటు విప్పబోయి ఆగింది. ఏదో అనబోయి, గభాలున బాత్‌రూంలోకి వెళ్ళి పంపు తిప్పింది. నీళ్ళు చాలాసేపు పారాయి. ఆ చప్పుడు కూడా నన్ను కడుక్కుంటున్న చప్పుడే అనుకున్నాను.

మర్నాడు పొద్దున కంపెనీ వ్యాన్లో ముందు సీట్లో కూర్చున్నాను. వ్యాను నడిపే నయీమ్‌ది నిజామాబాద్. వెనక సీట్లవాళ్ళు ఇంకా ఎక్కలేదు.

"అన్నా, ఒక ముచ్చట అడుగుతా, గుస్సా చెయ్యకు."

"అడుగు."

"నీకు సర్ది తగ్గదా? నెల కావొస్తుంది. రోజు పొద్దుగాల నీలగిరి తైలం రుద్దుకొస్తున్నవ్. నువ్వు డోర్ తీయంగనే మా ముసలి దాదీ మంచం పక్కన కూసున్నట్టే ఉంటది."

"నాకు జలుబేం లేదు నయీమ్."

"మరెందుకు రుద్దుకుంటవ్?"

"నేను రుద్దుకోలేదు."

"అరె, నీకు వాసన రాదు గదా. మర్చేపోయిన." సిగ్నల్ దగ్గర బండి ఆపి, నా వైపు వంగి కాలరు దగ్గర ముక్కు పెట్టాడు. "గిదో, కాలర్ మీద. చేతుల మీద గూడ. వదిననే వేసినట్టుంది. నువ్వు మురికి కంపు కొడ్తవని పాపం ఆమె తక్లీఫ్."

"ఎప్పట్నించి వస్తోంది ఇది?"

"బక్రీద్ ముంగట. ఈద్‌కు ఇంటికి పొయ్యేటోళ్ళను ఎయిర్‌పోర్టుల దింపిన గదా, ఆ వారం నుంచే."

నేను ఫోన్లో గుడ్ల తూకం పట్టీ తీశాను. జూన్ ఒకటి, ఆదివారం, నూట పద్దెనిమిది. రెండు, నూట తొమ్మిది. మొదట నాకు కనిపించింది కారణం మాత్రమే. బోర్డు మీద నాలుగు భాషల్లో రాసింది నేను రోజూ ఒంటి మీద వేసుకుని లోపలికి వెళ్తున్నాను. ఈగ గుజ్జు వాసన కోసం వెతుకుతుంటే మధ్యలో నా కాలరు అడ్డొస్తోంది. మాస్కులు పెట్టుకున్న ఇమ్రాన్‌కూ అబ్దుల్ వహాబ్‌కూ ఆ కంపులో ఇది తెలియలేదు. మూసిన వ్యాన్లో నయీమ్‌కి తెలిసింది.

ఆ తర్వాత, సిగ్నల్ పచ్చబడి బండి కదిలాక, రెండోది కనిపించింది.

రాజోలు నుంచి అమలాపురం ఆసుపత్రికి వెళ్ళే బస్సులో రెబెక్కా పిడికిట్లో ఒక కర్చీఫ్ ఉండేది. మొదటిసారి అది. వేవిళ్ళు. మా అత్తగారు పొద్దున్నే రెండు చుక్కలు నీలగిరి తైలం వేసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చేవారు. కూరలో పోపు గిట్టదు, చేపల బజారు గిట్టదు, పౌడరు గిట్టదు, ఆ ఒక్క వాసనే ఆమె కడుపుకి పడేది. నేను ముక్కుతో ఎరిగిన ఆఖరి వాసనల్లో అదొకటి. రెండోసారి ఇక్కడ, రియాద్‌లో, అదే కర్చీఫ్, అవే మడతలు. నాకు వాసన తెలియకపోయినా మడతలు తెలుసు.

ఈసారి కర్చీఫ్ లేదు. కర్చీఫ్ కంటబడితే నాకు తెలిసిపోతుంది. అందుకని ఆమె నన్నే కర్చీఫ్ చేసుకుంది.

జూన్ ఒకటి నుంచి వేళ్ళు మడిచాను. ముందు రెండుసార్లూ వేవిళ్ళు అయిదో వారంలో మొదలయ్యాయి, ఆ లెక్కన ఇప్పటికి ఏడు నిండాయి. నాకంటే ముందు ఆ ఈగలకు తెలిసింది.

"ఏమైందన్నా?" అన్నాడు నయీమ్. "ఏడుస్తున్నవా? ఆ నూనె కండ్లల్ల పడ్డదా?"

"పడింది" అన్నాను.

ఆ పొద్దునే ఈగల గదిలోకి వెళ్ళకుండా నేరుగా అబ్దుల్ వహాబ్ గదికి వెళ్ళాను. కాలరు చూపించి, కారణం ఇది సార్ అన్నాను. ఆయన మాస్కు దించి దూరం నుంచే పీల్చి, కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపు ఆయన ముఖం మీద కోపం ఛాయ కనిపించింది.

"బోర్డు చదవలేదా?"

"చదివాను. నేను పూసుకోలేదు. మా ఆవిడకు ఈమధ్య నా పని వాసన పడటం లేదు. నాకు చెప్పకుండా బట్టలకు వేస్తోంది."

"ఈమధ్య అంటే? నువ్వు చేరి ఏడాది దాటింది కదా."

"ఈ నెల నుంచే."

ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు. తర్వాత రిజిస్టరు దగ్గరకు లాక్కుంటూ, నాతో కాకుండా దానితో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "మా మూడోవాడప్పుడు నేను నాలుగు నెలలు మా గహ్వా కాఫీ కార్లో తాగాను. ఇంట్లో వాసన రాకూడదని. ఒక రోజు పోలీసు ఆపి అడిగాడు, ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు పక్కన ఒంటరిగా ఏం చేస్తున్నావని."

అభినందనలు చెప్పలేదు. వాళ్ళలోనూ కొన్ని మాటలు ముందే అనకూడదు కాబోలు. రిజిస్టరులో కారణం అన్న గడిలో అరబ్బీలో ఒక్క ముక్క రాశాడు. వాసన. బీరువాలోంచి రెండు కొత్త కవరాళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇవి ఈ గోడలు దాటకూడదు. ఇక్కడే ఉతుకు. స్నానం చేసి ఇంటికి వెళ్ళు. ఆ నూనె బట్టలు ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

ఆ నూనె బట్టలు నేను మానలేదు. రోజూ పొద్దున ఆమె తీసిపెట్టిన కవరాల్ వేసుకునే ఇంట్లోంచి బయల్దేరేవాణ్ణి. వ్యాన్లో నయీమ్ కిటికీ దించి, "దాదీ వచ్చింది" అనేవాడు. గేటు దగ్గర దాన్ని విప్పి కవర్లో కట్టేసి, లోపల కొత్తది తొడుక్కునేవాణ్ణి. సాయంత్రం స్నానం చేసి, పాతదాన్ని రోజంతా వేసుకున్నట్టు నలిపి, మళ్ళీ అదే వేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. నయీమ్‌ని అడిగి నిర్ధారించుకున్నాను కూడా, నా ఒంటి మీద నీలగిరి తప్ప మరే వాసనా లేదని. రెబెక్కా కిటికీ తెరవడం తగ్గింది. ఒకరోజు సోఫాలో నా భుజం మీద తల ఆనించి, కాలరు దగ్గర ముక్కు పెట్టుకుని నిద్రపోయింది. నేను గంటన్నర కదల్లేదు.

అడగలేదు. అడగకపోవడం నాకు అలవాటు లేని పని. ముందు రెండుసార్లూ ఆ సంతోషం వినగానే ఊరంతా చాటించాను. దాన్ని మోసింది ఆమె, చాటింది నేను. ఈసారి ఆమె ఆ సంతోషాన్ని నా దగ్గర్నుంచి కూడా దాచి కాపాడుకుంటోంది. అది నా మీద నమ్మకం లేక కాదని నాకు నేను చెప్పుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. నమ్మకం లేకపోయినా తప్పులేదని ఒప్పుకోవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. రాజోలు నుంచి అమ్మ ఫోను చేసి విశేషాలేమిట్రా అంటే, ఎండలమ్మా అన్నాను. గుడ్ల పట్టీ చివర, ఎవరికీ అర్థంకాని చోట, వారాలు మాత్రం గీతలు గీసుకున్నాను. ఏడు. ఎనిమిది. ఎనిమిదో గీత గీసిన రోజు బాత్‌రూంలో వాంతి చప్పుడు విని, ఇంకా నిలిచే ఉందని మనసులోనే మోకాళ్ళ మీద పడ్డాను. తొమ్మిది. పది. హాల్లో చాప ఎత్తేసి గదిలోకి వెళ్ళినప్పుడు ఆమె పక్కకు జరిగి చోటిచ్చింది. ఏసీ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

గుడ్లు ఎనభై తొమ్మిదికి వచ్చాయి. తర్వాత నూట మూడు. జులై మొదటి వారం దాటేసరికి నూట ఇరవై.

"పడిపోయినవి మళ్ళీ ఎలా లేచాయండీ?" అంది ఒక సాయంత్రం.

"వేడి తగ్గింది."

"జులైలోనా? రియాద్‌లోనా?"

"మా గదిలో తగ్గింది."

ఆమె నా కాలరు వైపు చూసింది. తర్వాత నా ముఖం వైపు. పెదవి కొసన ఏదో కదిలి ఆగింది. ఎవరికి ఎంత తెలుసో ఆ క్షణాన ఇద్దరమూ లెక్క వేసుకున్నామనీ, వేసుకుని ఊరుకున్నామనీ ఇప్పుడు అనుకుంటాను.

పన్నెండో గీత గీసిన తర్వాతి రోజు ఆమెకు సెలవు. పొద్దున్నే స్కానింగ్ గదిలో పనిచేసే స్నేహితురాలిని చూసొస్తానని వెళ్ళింది. ఆరోజు గీకిన చెక్కపలకనే మళ్ళీ గీకుతున్నాను. ఇమ్రాన్ బ్లేడు నా దగ్గర్నుంచి తీసుకుని తనే గీకిపెట్టాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె ఇంకా రాలేదు. నేను అన్నం వార్చి, పెరుగు తీసి బయటపెట్టి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాను. కింద మసీదులో మగ్రిబ్ నమాజు అయిపోయింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. నెమ్మదిగా, ప్రతి మెట్టునూ అడిగి ఎక్కుతున్నట్టు.

గుమ్మంలోకి వచ్చింది. గోడ పట్టుకుని బూటు విప్పబోతే నేను వంగి ఆ లేసు విప్పాను. ఎప్పుడూ విప్పలేదు. ఆమె కాలు వెనక్కి తీసుకోలేదు.

"ఇవాళెంతండీ మీవి?"

"నూట ఇరవై నాలుగు" అన్నాను, తల ఎత్తకుండా. "మీ వాళ్ళల్లో అందరికన్నా చిన్నోడెంత?"

ఆమె గోడ మీంచి చెయ్యి తీసి, రెండో కాలు ముందుకు పెట్టింది.

"పద్నాలుగు గ్రాములు."

అంత తక్కువ బరువు తూచే త్రాసు వాళ్ళ వార్డులో లేదు. నా గదిలో ఉంది. రెండో బూటు లేసు ముడిపడింది. నాకు కనబడటం లేదు, వేళ్ళతో తడిమి తడిమి విప్పాను. లేచి నిలబడి ఏదో పెద్ద మాట అనాలనిపించింది. రోజూ అడిగేదే అడిగాను.

"పాలు తాగుతున్నాడా?"

"ఇంకా లేదండీ." ఆమె చెయ్యి నా తల మీద ఆనింది. "వాళ్ళమ్మకి మాత్రం ఆకలేస్తోంది. పెరుగన్నం ఉందా?"